తుప్పు సాగులో మెలకువలు

కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రైతు సోదరులకు, ఇంటి యజమానులకు, అపార్టుమెంటు సంఘాలకు, ఇంజినీరింగు శాఖల వారికి ఒక శుభవార్త. చీనీకి తెగులు, శనగకు ధర లేదు, బుడ్డలకు వాన లేదు. ఈ మూడు బాధలూ లేని పంట ఒకటుంది. దానికి పెట్టుబడి అక్కర్లేదు, కూలీలను వెతకక్కర్లేదు, అడవి పందులు ముట్టవు. మీరు నిద్రపోతున్నా పెరుగుతుంది. అసలు మీరు నిద్రపోతేనే పెరుగుతుంది. అదే తుప్పు. అధిక దిగుబడికి పాటించాల్సిన మెలకువలు కింద ఇస్తున్నాం.

వాతావరణం

ముందుగా ఒక చేదు నిజం: మన కడప జిల్లా ఈ పంటకు అనువైన చోటు కాదు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, గాలిలోని ఆక్సిజనూ కావాలి. గాలిలో తేమ 60 శాతానికి లోపు ఉంటే శుభ్రమైన ఇనుము మీద తుప్పు దాదాపు కదలదు. విశాఖపట్నం వాళ్లు అదృష్టవంతులు, ఉప్పుగాలిని సముద్రమే ఉచితంగా పంపుతుంది. ఎర్రగుంట్ల ఎండలో ఏప్రిల్, మే నెలల్లో ఇనుప గేటు చేయి కాలుస్తుందే గానీ తుప్పు పట్టదు. అంటే ఇక్కడ పండే తుప్పులో ఎక్కువ భాగం మనిషి స్వయంకృషి. ఈసారి బస్టాండులో కుర్చీ కాళ్లు, బడి కిటికీ చువ్వలు, నీళ్ల ట్యాంకు నిచ్చెన చూసినప్పుడు ఈ మాట గుర్తు తెచ్చుకోండి. ఎంతటి శ్రమజీవుల మధ్య బతుకుతున్నామో తెలుస్తుంది.

రకాల ఎంపిక

ఈ పంటలో రకాలు చాలా ఉన్నాయి. ఒంటి నిండా సమంగా పట్టేది మామూలు తుప్పు. పైకి సూదిమొన అంత చుక్క కనిపిస్తూ లోపల బెజ్జం వేసేది గుంట తుప్పు. వాషరు కింద, రేకు మీద రేకు ఎక్కినచోట దాక్కునేది సందు తుప్పు. రెండు వేరు లోహాలు తడిలో కలిసినచోట పుట్టేది జంట లోహాల తుప్పు. లాగి పట్టిన లోహానికి సరిపడని రసాయనం తగిలితే వచ్చేది ఒత్తిడి పగులు. ఇత్తడి కొళాయిలోంచి జింకు ఒక్కటే కరిగిపోయి, మిగిలిన రాగి ఎర్రగా, బొరుగులా తయారయ్యేది ఇంకొకటి. రాగి మీద పట్టే పచ్చని చిలుము వేరే.

రైతు సోదరులు ఈ పేర్లలో ఒక్కటి కూడా గుర్తుపెట్టుకోకూడదు. అన్నింటినీ ‘తుప్పు’ అని, అన్నింటికీ మందు ‘పెయింటు’ అని అనుకోవాలి. పేరు తెలిస్తే కారణం అడగాలనిపిస్తుంది, కారణం తెలిస్తే మందు వేయాల్సి వస్తుంది. పులివెందుల పక్క తుమ్మలపల్లె యురేనియం గని వాళ్లు ఈ పొరపాటే చేశారు. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. అదే ఆమ్లం ఇక్కడా పోస్తే పని అయిపోయేది కదా! వీళ్లు ముందు రాయి పేరు అడిగారు. సున్నపు జాతి రాయి అని తేలింది, ఆమ్లాన్ని ఆ రాయే తాగేస్తుందని తెలిసింది. దాంతో పద్ధతి మార్చి, సోడా క్షారంతో, వేడిలో, ఒత్తిడిలో కరిగించే ప్లాంటు కట్టుకున్నారు. ఒక్క పేరు అడిగినందుకు ఎంత పని!

పదో తరగతి పిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త. భర్జనం, భస్మీకరణం, ప్రగలనం, లోహమలం, ద్రవకారి: ఈ మాటల్ని పరీక్ష దాకా కంఠస్థం చేయించి, పరీక్ష మర్నాడు మరిపించాలి. సున్నపురాయిని వేడిచేసి బొగ్గుపులుసు వాయువును వెళ్లగొట్టడం భస్మీకరణమే. ఆ పని చిలంకూరులో, ఎర్రగుంట్లలో, నల్లలింగాయపల్లెలో సిమెంటు బట్టీల్లో రాత్రింబవళ్లు జరుగుతోందని పొరపాటున కూడా చెప్పకండి. పిల్లవాడు బట్టీ చూస్తానంటాడు.

నేల తయారీ

జమ్మలమడుగు నల్లరేగడి ఈ పంటకు బంగారం లాంటి నేల. తడిని, లవణాలను పట్టుకుని వదలదు. పూత లేని ఇనుప పైపును నేరుగా అందులో పాతండి. పైపు సగం రేగడిలో, సగం గరుసు నేలలో పోయేటట్టు చూస్తే ఇంకా మంచిది. గాలి బాగా అందే భాగం, అందని భాగం కలిసి ఒకే పైపులో బ్యాటరీలాగా పనిచేస్తాయి. గాలి అందని రేగడి వైపు పైపు కరిగిపోతుంది.

మన తాతలు కడప బండలను నిలువునా పాతి కంచె వేశారు. ఆ బండకు తుప్పు అంటే ఏమిటో తెలియదు, కాబట్టి పీకేయండి. దాని స్థానంలో ఇనుప యాంగిల్ పాతి, చుట్టూ సిమెంటు పోసేటప్పుడు మధ్యలో పల్లం ఉంచండి. వాన నీళ్లు యాంగిల్ మొదట్లో నిలవాలి. సిమెంటును కాస్త ఎత్తుగా, వాలుగా పోస్తే నీళ్లు జారిపోతాయి. ఆ తప్పు చేయవద్దు.

విత్తనం

జంట లోహాలు మేలు జాతి విత్తనం. రాగి గొట్టానికి నేరుగా జి.ఐ. పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు, బిగించండి. మధ్యలో ప్లాస్టిక్ జాయింటు పెట్టమని ప్లంబరు అంటే, కమీషను కోసం చెబుతున్నాడని అనుమానించండి. తడి తగలగానే ఆ రెండు లోహాల్లో ఒకటి ఇంకొకదాన్ని తింటుంది. తినే లోహం పెద్దదిగా, తినబడేది చిన్నదిగా ఉంటే దిగుబడి ఎన్నో రెట్లు. అందుకే పెద్ద స్టెయిన్‌లెస్ స్టీలు పలకకు చిన్న మామూలు ఇనుప బోల్టు బిగించడం శ్రేష్ఠం.

ఈ సాగులో అమెరికా వాళ్లు మనకు మార్గదర్శకులు. న్యూయార్కు రేవులో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహానికి పైన రాగి చర్మం, లోపల ఇనుప ఎముకలు. రెండూ తగలకుండా మధ్యలో లక్కలో తడిపిన రాతినార పెట్టారు. రాతినారను పులివెందుల చుట్టుపక్కల కూడా తవ్వితీశారు. కాలక్రమంలో ఆ నార పాడైంది, ఉప్పునీరు దిగింది, ఇనుము ఉబ్బి రాగిని చీల్చింది. 1986 నాటి శతజయంతికి ఆ ఇనుప పట్టీలను స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చాల్సి వచ్చింది. నూరేళ్ల పంట అది!

వంటింట్లోనూ విత్తనం చల్లవచ్చు. స్టీలు గిన్నెను తుప్పు నుంచి కాపాడేది అందులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం. అది గాలి తగలగానే కంటికి కనిపించని పొర కట్టుకుంటుంది. ఇనుప పీచుతో గట్టిగా తోమితే పీచు ముక్కలు గిన్నెలో గుచ్చుకుని చుక్కలు చుక్కలుగా మొలకెత్తుతాయి. ఇక గిన్నె కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడటంతో సరిపెట్టుకోండి. నికెల్ బాగా ఉన్న 304 రకానికీ, మాంగనీసుతో చౌకగా చేసే 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు. కాబట్టి రెండూ పాసవుతాయి, అంగడాయనా మీరూ ఇద్దరూ సంతోషంగా ఇంటికి పోవచ్చు.

నీటి యాజమాన్యం

ఎప్పుడూ మునిగి ఉన్న ఇనుము కన్నా, తడుస్తూ ఆరుతూ ఉండే ఇనుము త్వరగా పండుతుంది. మిద్దె మీది ట్యాంకు నుంచి కారే చుక్క నేరుగా కిటికీ గ్రిల్లు మీద పడేటట్టు చూడండి. దీన్ని బిందు సేద్యం అంటారు.

మనది సున్నపురాతి సీమ, బోరు నీళ్లు గట్టివి. గీజరులో పొలుసు కట్టి కాయిలు మాడిపోతుంది. నీళ్లు నిలవ ఉండే గీజర్లలో చాలావాటికి లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు తాను కరిగిపోవడమే దాని ఉద్యోగం, దాన్ని బలి కడ్డీ అనవచ్చు. అది అరిగిపోయిందో లేదో విప్పి చూపించమని మెకానిక్కును అడగకండి. కడ్డీ పూర్తిగా కరిగిన రోజు నుంచి ట్యాంకు వంతు మొదలవుతుంది.

ఎరువులు

పేరుకు తగ్గట్టు ఎరువులే వేయాలి. యూరియా, అమ్మోనియం సల్ఫేటు బస్తాలను పంపుసెట్టు గదిలో, స్టార్టరు పెట్టె కిందే నిలవ చేయండి. స్ప్రేయరును కడగకుండా గోడకు తగిలించండి. బ్లీచింగు పౌడరు డబ్బాను రెంచీలు, కొడవళ్లు పెట్టే చోటే తెరిచి ఉంచండి.

ఇత్తడి సామాన్లకు పశువుల కొట్టం అటక మంచి చోటు. ఈ చిట్కా కనిపెట్టింది బ్రిటిష్ సైన్యం. మన దేశంలో వాళ్లు ఇత్తడి తూటా తొడుగులను వానాకాలంలో గుర్రపు లాయాల్లో దాచేవారు. యుద్ధం లేకుండానే అవి వాటంతట అవే చీలిపోయేవి. వాన రుతువులో వస్తుందని దానికి రుతువు పగులు అని పేరు పెట్టారు. గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, తూటా సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అని 1921లో తేల్చారు. తూటాను కాస్త వేడిచేసి ఆ ఒత్తిడి తీసేస్తే పగులు ఆగిపోయింది. ఇంత చిన్న మందు ఉందని తెలిస్తే పెళ్లినాటి బిందెలు ఇంకో తరం బతికేస్తాయి. ఎవరికీ చెప్పకండి.

అంతర పంట: కాంక్రీటులో తుప్పు

ఇది తెలివైన రైతుల పంట. తాజా కాంక్రీటు క్షార గుణం వల్ల లోపలి చువ్వల మీద రక్షణ పొర ఏర్పడుతుంది. ఆ పొరను ఓడించడమే మన కర్తవ్యం.

మొదటిది, స్లాబు కింద చువ్వకూ బయటి గాలికీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని ప్రమాణం చెబుతుంది. కవర్ బ్లాకులు మానేసి కంకర ముక్క పెట్టండి. కాంక్రీటు పోసేటప్పుడు మేస్త్రీ కాలు తగిలి అది జరిగిపోతుంది, చువ్వ సెంట్రింగు రేకు మీద పడుకుంటుంది. రెండోది, నీళ్లు. ఇనుము వేసే కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పటి బోరు ఉండగా పరీక్ష ఎందుకు? పెన్నా, పాపాఘ్ని ఇసుకలో సముద్రపు ఉప్పు ఉండదన్న లోటు ఈ నీటితో తీరుతుంది. మూడోది అందరికీ తెలిసిందే. పిల్లవాడి పెళ్లినాటికి మీద ఇంకో అంతస్తు వేస్తామని మిద్దె మీద వదిలిన చువ్వలు. వాటికి సిమెంటు పాలు కూడా పూయకండి. పదిహేనేళ్ల తర్వాత సుత్తితో వంచి, మళ్లీ నిలబెట్టి, వాటి మీదే స్తంభం కట్టండి.

చువ్వ తుప్పు పట్టాక, ఆ తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. కాంక్రీటు చోటివ్వదు, పగులుతుంది. పెచ్చులు ఊడి పడకగదిలో మంచం మీద పడటంతో పంట చేతికి వచ్చినట్టు లెక్క. అప్పుడు పైన ప్లాస్టరింగు చేసి, సున్నం కొట్టి, అద్దెకు ఇవ్వండి.

సస్యరక్షణ

ఈ పంటకు శత్రువులు నలుగురు: గీకుడు, ప్రైమరు, జింకు, గ్రీజు. తుప్పును ఇనుము మెరిసేదాకా గీకి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ పూసి, తర్వాత రంగు వేస్తే పంట పోయినట్టే. కాబట్టి గీకకండి. తుప్పు మీదే ఎనామెల్ వేయండి. మంత్రిగారు వస్తున్నారనగా ముందురోజు రాత్రి వేయడం ఆనవాయితీ. లోపల తుప్పు చల్లగా, చీకట్లో, ఎవరి కంటా పడకుండా ఏపుగా ఎదుగుతుంది.

జి.ఐ. రేకు మీది జింకు మొండిది. గీత పడినా పక్కనున్న జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. దాన్ని ఓడించడానికి వెల్డింగే దారి. వెల్డింగు వేడికి అతుకు చుట్టూ జింకు కాలిపోతుంది. ఆ మచ్చ చూసి కుర్రాడు “అన్నా, దీనికి జింకు పెయింటు కొడదామా?” అంటాడు. “ఎందుకులేప్పా, ఎవరు చూస్తారు!” అనాలి. ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే పుస్తకం మొత్తం చదివినట్టే.

సామూహిక సాగు

ఇల్లు చిన్న కమతం. పెద్ద దిగుబడి ప్రభుత్వ కట్టడాల్లోనే. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అది వరద ఖాతాలోది, దాన్ని మన పంటలో కలుపుకోవడం న్యాయం కాదు. మన ఆసక్తి గేట్ల మీద.

పులివెందుల బ్రాంచి కాలువకు నీళ్లు తుంగభద్ర ఎగువ కాలువ నుంచి రావాలి. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాముకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి, నిండు జలాశయం మీద, 19వ గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, పారుతున్న నీటిలోకే ఇనుప పలకలు దించి ప్రవాహం ఆపారు. అప్పటికి నదిలో పోయిన నీళ్లు పోయాయి. తర్వాత నిపుణుల సంఘం గేట్లన్నీ మార్చాలని చెప్పింది.

దీని నుంచి అధికారులు నేర్చుకోవాల్సిన పాఠం స్పష్టం. ఆ పలకలు దించినవారికి శాలువాలు కప్పాల్సిందే, అంతటి పని చేశారు. కానీ ఏటా గొలుసు తుడిచి, గ్రీజు పెట్టి, లింకు మందం కొలిచి పుస్తకంలో రాసే మనిషికి ఎవరూ శాలువా కప్పరు. గ్రీజు డబ్బాకు ప్రారంభోత్సవం ఉండదు, కొలతకు శిలాఫలకం ఉండదు. కాబట్టి నిర్వహణ పద్దు అడిగిన ఏఈని అనుమానించండి. గేటు తెగిన తర్వాత అత్యవసర నిధి ఎలాగూ వస్తుంది.

ఈ పంటకు పనికిరాని నేలలు

ఒకటి, జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీ స్థలాలు. 2007 జూన్‌లో ఒక శంకుస్థాపన, 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో ఒకటి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో ఒకటి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ అక్కడే ఇంకొకటి. రాష్ట్ర విభజన చట్టంలోనూ కడప ఉక్కు మాట ఉంది. నాలుగో రాయి పడేనాటికి ఒక్క కడ్డీ కూడా బయటికి రాలేదు. రానిదానికి తుప్పు పట్టదు. శిలాఫలకం రాయి, దానికీ పట్టదు. దేశంలో అసలైన స్టెయిన్‌లెస్ స్టీలు ఇదే.

రెండోది, ప్రొద్దుటూరు బంగారం. గాలి, నీరు, మామూలు ఆమ్లం ఏదీ దాన్ని ముట్టుకోలేదు. రెండు ఘాటు ఆమ్లాలు కలిపిన రాజద్రావణం లాంటిదానికే అది లొంగుతుంది. ఈ సాగుకు బొత్తిగా పనికిరాదు.

పంట బీమా

పని చెడితే నిందించడానికి ఒక మనిషిని ముందే చూసి పెట్టుకోవాలి. ఈ బీమా మన గండికోటలోనే పుట్టింది. 1652లో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ అక్కడ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి, ఒక ఫ్రెంచి పనివాడితో ఫిరంగులు పోత పోయించబోయాడు. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం కరగలేదట. కొలిమి వేడి చాలిందా, లోహంలో ఏమేం కలిశాయి అని అడగాల్సింది. మీర్ జుమ్లా పూజారులను బెదిరించాడు, మంత్రం వేశారని. చివరికి ఒక్క ఫిరంగీ సరిగా తయారు కాలేదని టావెర్నియర్ రాసుకున్నాడు. కొలిమిని వదిలి పూజారిని పట్టుకునే ఆ పద్ధతి మన కార్యాలయాల్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తుప్పు పట్టని మన సంపదల్లో అదొకటి.

మార్కెటింగు

పంట కోతకు వచ్చాక పాత ఇనుప సామాన్ల వాడిని పిలవండి. కొత్త కడ్డీ కొన్న ధరలో కొంత భాగం వస్తుంది. పొడిగా రాలిపోయినది తూకానికి రాదు, దాన్ని మీ వాటా కింద ఊడ్చుకోండి.

చివరగా, ఈ సాగు మాకొద్దు అనుకునే రైతులకు

మీరు ప్రొద్దుటూరులో కాసు బంగారం కొనేటప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. గీటురాయి మీద గీయిస్తారు. 916 ముద్ర ఉందా, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉందా అని అద్దం పెట్టి చూస్తారు. అంగడాయన ముందే ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి సరిచూసుకుంటారు. చూడాల్సిందే. కానీ ఇంటిల్లిపాదీ కింద పడుకునే స్లాబుకు ఇనుము కొనేటప్పుడు “టన్ను ఎంత?” అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ కడ్డీ మీద కూడా పేరు, గ్రేడు అచ్చుపోసి ఉంటాయి. దానికీ ప్రమాణం ఉంది, ఐ.ఎస్. 1786. ముద్ర వేసే సంస్థ ఒకటే, లైసెన్సు నంబరు సరిచూసుకునే యాప్ కూడా అదే. బంగారం మెడలో వేసుకుంటే అందం, ఇనుము నెత్తిన పడితే ప్రాణం. ఈసారి ఇనుము అంగట్లోనూ ఫోను బయటికి తీయండి. వానలకు ముందు ఒక ఆదివారం ఉప్పు కాగితం, రెడ్ ఆక్సైడ్ డబ్బా పట్టుకుని మిద్దె ఎక్కండి. ఊళ్లో ట్యాంకు నిచ్చెనకూ కాలువ గేటుకూ ఈ ఏడాది గ్రీజు పద్దు ఎంత పెట్టారో గ్రామసభలో నిలబడి అడగండి.